ఎవరూ మామిడాకులు అడగని సంవత్సరం

పూత వచ్చిన సంగతి నేను ఆలస్యంగా చూశాను. ఆగస్టు నెల, భూగోళానికి ఈ దక్షిణపు కొసన చలికాలం. హెండర్సన్‌లో ఆ రోజుల్లో పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని, ఎండ పక్కింటి కప్పు దాటాక కరిగేది. పెరట్లోని గ్లాస్‌హౌస్ అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టి ఉండేది. ఎండిపోయిన టమాటా కుండీలు బయట పెడదామని తలుపు తీశాను. మామిడి చెట్టు కొమ్మల చివర ఎర్రటి ముద్దలు కనిపించాయి. చిగురనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే పూత.

ఆ చెట్టుకు అదే మొదటి పూత. నా భార్య పోయి అప్పటికి ఏడాది తిరగలేదు.

టెంక పాతింది ఆమె. మేము ఆ ఇల్లు కొన్న వేసవిలో, ఇండియన్ షాపులో తెచ్చిన పండు తిని, టెంకను చాకుతో చీల్చి లోపలి గింజ తీసి, పెరుగు డబ్బాలో మట్టి పోసి పెట్టింది. ఇంటిని మాకు అమ్మిన ముసలాయన వదిలి వెళ్లిన గ్లాస్‌హౌస్ ఒకటి గ్యారేజీ గోడకు ఆనుకుని ఉండేది. చెక్క చట్రం, పాత అద్దాలు, రెండు మూడు చోట్ల అద్దం బదులు ప్లాస్టిక్. మొక్క మోకాలెత్తు పెరిగాక ఆమె దాన్ని అందులో నేలలోనే నాటింది. ఈ దేశపు చలికి మామిడి బయట బతకదని అందరికీ తెలుసు. లోపల బతుకుతుందని ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. అది బతికి, పైకప్పు అందుకుని, పక్కలకు తిరిగింది.

మేము కాయల సంగతి మాట్లాడుకునేవాళ్లం కాదు. చెట్టుకు ఇంకో పని దొరికింది. ఇక్కడ మనవాళ్లకు అన్నీ దొరికేవి, మామిడాకులు తప్ప. విమానాశ్రయంలో ఎండుటాకును కూడా లోపలికి రానివ్వరు. గుమ్మానికి ప్లాస్టిక్ తోరణాలు కట్టుకునేవాళ్లు, కలశంలో వేరే చెట్టు ఆకులు పెట్టి సరిపెట్టుకునేవాళ్లు. హెండర్సన్‌లో ఎవరింట్లోనో నిజం మామిడి చెట్టు ఉందని ఆ నోటా ఈ నోటా తెలిసింది. వినాయక చవితికి వచ్చేవాళ్లు, ఉగాదికి వచ్చేవాళ్లు. మనవాళ్లు ఇళ్లు కొనడం ఊపందుకున్నాక ప్రతి నెలా ఎవరిదో గృహప్రవేశం. ఆల్బనీ నుంచి, ఊరికి ఆ చివరన కొత్తగా లేచిన కాలనీల నుంచి కారు వేసుకుని వచ్చేవాళ్లు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఫోన్ చేసి, "అక్కా, మీ నంబరు ఫలానావాళ్లు ఇచ్చారు" అని మొదలుపెట్టేవాళ్లు.

ఆమె ముందు ఒకటే అడిగేది: "ఎన్ని గుమ్మాలు?"

ఆ లెక్కన కత్తెర తీసుకుని లోపలికి వెళ్లేది. ఒక్కో ఆకు తుంచదు. కొమ్మ కొసతో సహా గుత్తిగా కత్తిరించేది, ఆకులు వాడకుండా ఉంటాయని. తడి టిష్యూ చుట్టి, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి, మూత బిగించి ఇచ్చేది. వచ్చినవాళ్లు వెంటనే వెళ్లేవాళ్లు కాదు. టీ తాగేవాళ్లు. ఇల్లు ఎంతకు వచ్చింది, హీటింగ్ ఉందా, స్కూలు దగ్గరేనా అని వంటింటి బల్ల దగ్గర మాటలు. డబ్బా వాపసు ఇవ్వడానికి మళ్లీ వచ్చేవాళ్లు, అందులో ఏదో ఒకటి పెట్టుకుని.

ఆమె పోయాక ఎవరూ రాలేదు.

పలకరింపులకు వచ్చారు, వంట చేసి తెచ్చారు, పదకొండో రోజుదాకా ఇల్లు ఖాళీ లేదు. నేను అంటున్నది ఆకుల కోసం. చావు జరిగిన ఇంటి నుంచి ఏడాది తిరిగేదాకా శుభకార్యానికి ఏదీ తీసుకోరు. అది ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేదు. ఒకసారి ఇండియన్ షాపులో, నా భార్య దగ్గర అంతకుముందు రెండుసార్లు ఆకులు తీసుకెళ్లినావిడ కనబడి బాగా మాట్లాడింది. మాటల మధ్యలో ఆమె బుట్టలోని ప్లాస్టిక్ తోరణం నా కంటబడింది. ఆమె దాని మీదికి కొత్తిమీర కట్ట జరిపింది. నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

నేను అప్పుడు వారానికి మూడు రోజులు లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం భోజనం చేసి గ్లాస్‌హౌస్‌లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఇంట్లో కంటే అక్కడ వెచ్చగా ఉండేది. పుస్తకం పట్టుకెళ్లేవాణ్ణి కానీ ఒక పేజీ దాటేది కాదు. వాన మొదలైతే అద్దాల మీద చప్పుడు, లోపల మట్టి వాసన, చెట్టు చుట్టూ ఉన్న ఆకుపచ్చ వెలుతురు. నిద్రా మెలకువా కాని ఒక స్థితి ఉంటుంది. అందులో కత్తెర చప్పుడు వినిపించేది. కళ్లు తెరిస్తే, గాలికి ప్లాస్టిక్ చట్రానికి కొట్టుకుంటున్న చప్పుడు. మళ్లీ కళ్లు మూసుకునేవాణ్ణి.

అలా రోజూ కూర్చున్నా పూత చూడలేదు. నా చూపు ఎక్కడుండేదో నాకు తెలియదు.

చూసిన సాయంత్రం మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చేదాకా ఆగాను. తను ఆల్బనీ క్యాంపస్‌లో చదివేది, రెండు బస్సులు మారి వచ్చేది. బ్యాగు కూడా దించనివ్వకుండా పెరట్లోకి తీసుకెళ్లాను. తను ఫోన్ లైటు వేసి చూసింది.

"డాడీ, ఇది కాలీఫ్లవర్ లాగుంది."

"మామిడిపూత ఇట్లనే ఉంటది."

"నిజంగా? అమ్మ చూపించిన ఫోటోల ఇట్ల లేదు. అందుల పొడుగ్గా, లూజ్‌గా ఉండె."

అది నిజం. పూత అంటే కొమ్మ కొస నుంచి సాగి, విడివిడిగా రెమ్మలు వేసి, గాలికి కదలాలి. ఇవి పిడికిలి బిగించినట్టు ముద్దగా ఉన్నాయి. కాడ లేదు. పువ్వు మీద పువ్వు ఇరుక్కుని, కొన్నిచోట్ల పువ్వుల మధ్య నుంచి చిన్న ఆకు తొంగిచూస్తోంది, ఎటు పోవాలో తేలనట్టు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వాసన ఉందీ లేనట్టుంది. ఉందనే అనుకున్నాను.

ప్రతి ఏడూ ఈ నెలలో నా భార్య వారానికోసారి లోపలికి వచ్చి, కొమ్మల కొసలు ఒక్కొక్కటీ వంచి చూసేది. ఆమెది జగిత్యాల దగ్గర పల్లె, ఇంటి వెనకే మామిడితోటలు. పూత కోసమే చూస్తోందని నాకు తెలుసు, లేదా తెలుసనుకునేవాణ్ణి. ఆమె చూడాల్సినది ఆమె లేకుండా వచ్చింది, అదీ ఇలా వచ్చింది. అయినా వచ్చింది. నాకు అది చాలు.

ఆ ఆదివారం ఒక స్నేహితుణ్ణి పిలిచాను. నాకంటే చాలా చిన్నవాడు, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు, పళ్లచెట్ల మీద పరిశోధన చేసే ల్యాబులో ఉద్యోగం. నా భార్యను వదిన అని పిలిచేవాడు. కివీపండు తీగలే అతని పని గానీ ఇంటి దగ్గర మామిడి చూసి పెరిగినవాడు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి, ఒక పువ్వు గిల్లి, దాన్ని వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అన్నా, పూతే గానీ సక్కటి పూత కాదు."

"ఏమైంది?"

"అన్నీ మగపూలే. నడుమల కాయ కావాల్సిన బొడిపె ఉండాలె. ఒక్కదానికి ఉన్నది, అది గూడ వంకరున్నది. నువ్వే చూడు."

చూశాను. నాకు పసుపు చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు.

"మన దిక్కు ఇట్ల ముద్దగడితే ఒక బూజు రోగం అంటం. ఆ బూజు ఈ దేశంల లేదు. అయినా ఒక ముక్క తీస్కపోయి చూస్త. నా లెక్కల ఇది చలి పని. చలే పువ్వును పిలుస్తది, చలే పాడు జేస్తది. కొంచెం తగిలితే పూత వస్తది, మస్తు తగిలితే లోపల హార్మోన్ల లెక్క తప్పుతది. కాడ సాగాలంటే ఒకటి గావాలె, మొగ్గలు చీలాలంటే ఒకటి గావాలె. ఒకటి ఎక్కువై ఇంకోటి తక్కువైతే ఇగో, ఇట్ల."

"ఇన్నేండ్లు అసలే పూయలేదు గదా. ఈసారి ఎట్ల పూసింది?"

అతను నవ్వాడు. "ఇన్నేండ్లు ఎట్ల పూస్తది? పూత కొసల మొదలైతదనుకుంటరు అందరు. కాదు. ముదురాకుల మొదలైతది. చలికి ముదురాకు ఒక కబురు తయారు జేసి కొసకు పంపుతది, ఇగ చిగురు చాలు, పువ్వు అని. లేతాకుల ఇంకోటుంటది. అది ఊకోదు, ఇంకా పెరుగుదాం అంటది. మీ చెట్టుకు ముదురాకు మిగిలింది ఎప్పుడు? కొస కత్తిరించినప్పుడల్లా కొత్త చిగురు. అది ముదిరేలోపల ఇంకొకలి గృహప్రవేశం. నేనూ తీస్కపోయిన గదా, నా ఇంటికి. పాపంల నాకూ వాటా ఉన్నది. ఈ ఒక్క ఏడే ఎవ్వలు..."

ఆగిపోయాడు. భూతద్దం మూసి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని మళ్లీ తీశాడు.

అద్దాల మీద ఆవిరి గీతలుగా కిందికి జారుతోంది. ఇంటికి వచ్చిన చావు చెట్టుకు ఒక సంవత్సరం తెరిపి ఇచ్చింది. అంతే జరిగింది. అందులో అర్థం వెతకడం నాకు ఇష్టం లేదు. 

"ఇప్పుడేం జెయ్యాలె?" అన్నాను.

"తుంచెయ్యాలె అన్నా. అన్నిటిని."

"ఏదన్న మందు కొట్టరాదా?"

"మన దిక్కు హార్మోన్ మందు కొడ్తరు. అది పూత రాకముందు సంగతి. ఇప్పుడు తుంచుడే. ఈ ముద్ద కింద పక్కమొగ్గలు పండుకోనున్నయి. కొసన ఇది కూసున్నంత సేపు వాటిని లేవనియ్యదు. ఇది పోతే లేస్తయి. అప్పటికి చలి కొంచెం ఇరుగుతది, పూత సాఫుగ వస్తది."

"రాకపోతే?"

"రాకపోతే చిగురొస్తది. గ్యారంటీ ఇయ్యలేను. కానీ రాత్రిళ్లు చలి ఉన్నప్పుడే తుంచాలె. ఎండలు ముదిరినంక తుంచితే మాత్రం చిగురే, పూత మాట మరిచిపోవాలె. సెప్టెంబర్ నడుమదాక చూస్కో."

నేను తల ఊపాను. అతను వెళ్లాక తుంచలేదు.

అక్కడ మా ఊళ్లో, మా ఇంట్లో మామిడిపూత మీద ఎవరూ చెయ్యి వేసేవాళ్లు కాదు. చిన్నప్పుడు రాలిన పూత ఏరుకోవచ్చు గానీ కొమ్మ వంచితే వీపు మోగేది. అది ఒక కారణం. అసలు కారణం వేరు. ఈ పూత ఆమెది. తుంచాక మళ్లీ రాకపోతే, ఆమె ఎదురుచూసిన ఒకే ఒక్క పూతను నా చేతులతో పారేసినవాణ్ణి అవుతాను. వంకరదైనా ఉండనివ్వడమే మేలనిపించింది. స్నేహితుడు మధ్యలో ఫోన్ చేసి, ఆ బూజు కాదని తేలిందనీ, తుంచానా అనీ అడిగాడు. ఈ వారం చేస్తానన్నాను. తేమకు ముద్దల అడుగున నల్లటి మచ్చలు మొదలయ్యాయి. నేను కుర్చీ కొంచెం దూరం జరుపుకుని కూర్చున్నాను.

మా వీధిలోనే రెండిళ్ల అవతల ఒక ఆంటీ ఉండేది. ఫిజీ నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ల తాతలు విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటలకు వెళ్లినవాళ్లట. ఆమె తెలుగు వాళ్ల నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నది, మధ్యమధ్యలో అక్కడి హిందీ కలిసేది. నా భార్యకు ఈ ఊళ్లో అందరికంటే దగ్గరి మనిషి ఆమే. వారానికోసారి టారో అనే చేమాకుల కూర గిన్నెలో పెట్టుకుని వచ్చేది, ఇంట్లోకి రాకుండా నేరుగా గ్లాస్‌హౌస్ తలుపు తట్టేది. ఆ శుక్రవారమూ అలాగే వచ్చింది.

"ఏటి బాబూ, జబ్బు చెట్టుకా నీకా?"

"చెట్టుకే ఆంటీ."

"మరి నువ్వెందుకు మంచం పట్టినట్టు కూకున్నావు? అరే, ఇది పువ్వా? ఛీ. మా ఊరు రాకిరాకిలో ఇలాటిది వస్తే మా నాన్న కత్తి తెచ్చీవోడు."

"తుంచమనే చెప్పారు. ఇంకా తుంచలేదు."

"కాహే? ఎందుకు?"

చెప్పాను. నా భార్య దీనికోసం ఎన్ని ఏళ్లు చూసిందో, వారం వారం కొసలు ఎలా వంచి చూసుకునేదో చెప్పాను. అంతవరకు అది ఎవరితోనూ అనలేదు. ఆంటీ గిన్నె కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని విన్నది. తర్వాత నా వైపు కాసేపు అలాగే చూసింది.

"పువ్వు కోసం చూసీదా? నీతో అలాగ చెప్పిందా?"

"చెప్పలేదు."

"నేను అడిగాను దానిని. ఏ పిల్లా, కొసలు కోసీస్తే మామిడి పూయదు, తెల్దా నీకు అన్నాను. నువ్వు మామిడి ఊరు దానివి కదా అన్నాను. నవ్వింది. తెలుసాంటీ అంది. పువ్వొస్తే నేనొక్కదాన్నే చూస్తాను, ఆకులకైతే ఇంటికి మనుసులొస్తారు అంది." ఆంటీ ఒక కొస పట్టుకుని, అచ్చం నా భార్య వంచినట్టే వంచింది. "ఆకు ముదిరిందా లేదా చూసుకునీది, బాబూ. పండగ వస్తంది కదా, వాళ్లకి చాలతాయా లేదా అని."

నేను ఆమె వంచిన కొస వైపు చూశాను.

"మా చెట్టు చెప్తాను ఇను. ఒక ఏడు తుఫానొచ్చింది. ఒక్క ఆకు లేదు, కొమ్మలు విరిగిపోనాయి, మా అమ్మ ఏడ్సింది. మళ్లీ పూసింది, టైము కాని టైములో. చెట్టుకి ఏటి తెలుసు? నువ్వు కూర తిను, చల్లారిపోతంది."

ఆమె వెళ్లిపోయింది. నేను గిన్నె మూత తీసి అక్కడే తినేశాను, చేత్తోనే.

ఆ మధ్యాహ్నం నిద్ర రాలేదు. చెట్టు కింద కూర్చుని, ఇన్నేళ్లుగా చూసిన దృశ్యాన్నే మళ్లీ చూశాను. ఆగస్టు, చలి, ఆమె స్వెటర్ చేతులు పైకి మడిచి, కొసను వంచి, బొటనవేలితో ఆకును రుద్ది చూడటం. ఆకునే. మొగ్గ ఉండే చోటును కాదు. నేను కిటికీలోంచి చూసి, ఇంకోటి అనుకున్నాను. పూత కోసం ఎదురుచూసింది ఆమె కాదు. ఆమె వద్దనుకుని, తెలిసి వద్దనుకుని, కత్తెర పట్టింది. ఎదురుచూసింది నేను. ఆమె పోయాక, ఆమె ఏదో ఒకటి కోరుకుని ఉండాలని, అది నాకు దొరకాలని చూశాను. ఈ ముద్దలు నావి. నావైతే తుంచవచ్చు.

మరుసటి రోజు శనివారం, వాన. అమ్మాయి ఇంట్లోనే ఉంది. స్టూలు, బకెట్టు పట్టుకుని లోపలికి వచ్చింది.

"కత్తెర తేవాల్నా?"

"వద్దు. చేత్తోటే వస్తయి."

నిజంగానే వచ్చాయి. కాడ పొట్టిది, లేతది, గోటితో నొక్కితే చిన్న చప్పుడుతో విరిగేది. విరిగిన చోట సొన బొట్టుగా ఊరేది. అప్పుడు వాసన వచ్చింది. పువ్వుది కాదు, సొనది, పచ్చికాయ కోసినప్పటి వాసన. గది మొత్తం నిండింది. అమ్మాయి స్టూలు మీది నుంచి ఆగి చూసింది.

"డాడీ, ఇది పచ్చడి వాసన."

"అవును."

"అమ్మ చేతులు ఇట్ల వాసన వచ్చేవి. ఎవరన్నా లీవ్స్ తీస్కపోయిన రోజు."

నాకు ఆ సంగతి తెలియదు.  పై కొమ్మలు తను, కింది కొమ్మలు నేను. వాన అద్దాల మీద ఒకే తీరున పడుతోంది. బయట పెరడు, కంచె, అవతలి ఇళ్లు అన్నీ నీళ్లలో కలిసి కదులుతున్నాయి. ఎంతసేపు అలా తుంచామో తెలియదు. ఒక దశలో చెయ్యి నాది అన్న స్పృహ కూడా లేదు. ముద్ద దొరకడం, విరగడం, బకెట్టులో మెత్తగా పడటం. చివరికి తడుముతూ వెళ్లిన చేతికి ఏమీ తగల్లేదు. చెట్టు మళ్లీ ఉత్త ఆకులతో నిలబడి ఉంది.

బకెట్టు తీసుకెళ్లి కంపోస్టులో పోశాను. ఒక్కటి కూడా దాచలేదు.

తర్వాత వేచి ఉండటమే. తుంచిన చోట్లు ఎండి నల్లబడ్డాయి. వాటి కింద మొగ్గలు ఉబ్బాయి. ఉబ్బిన మొగ్గ ఆకవుతుందో పువ్వవుతుందో మొదటి వారంలో చెప్పలేమని స్నేహితుడు ఫోన్లో అన్నాడు. "పెండ్లిచూపుల లెక్క, ఆఖరిదాక తెల్వది" అని తనే నవ్వాడు. నేను రోజూ చూశాను, ఈసారి నిజంగా చూశాను. కొన్ని కొమ్మలకు రాగిరంగు చిగురు విచ్చుకుంది. అక్కడ పూత దక్కలేదు. మిగిలిన కొమ్మలకు సన్నటి కాడ సాగింది. సాగి, ఇంకా సాగి, పక్కలకు రెమ్మలు వేసింది.

అక్టోబరు చివరికి విచ్చుకున్నాయి. ఎక్కువేమీ కాదు. కానీ విడివిడిగా, లేత పసుపులో, తలుపు తీసిన గాలికే కదిలేవిగా. భూతద్దం అడిగి తెచ్చుకుని చూశాను. కొన్ని పువ్వుల నడుమ గుండ్రటి ఆకుపచ్చ బొడిపె ఉంది, నిటారుగా.

స్నేహితుడు వచ్చి చూసి, మెచ్చుకుని, చుట్టూ చూసి అన్నాడు: "అన్నా, ఈడ ఒక్క పురుగు లేదు. మామిడికి తేనెటీగ కన్న ఈగలే మేలు. తలుపు మూసి పెడితే ఎట్లొస్తయి?"

చలికాలం మొదలైనప్పటి నుంచి ఆ తలుపు నేను వెళ్లినప్పుడు తప్ప తెరిచింది లేదు. మరుసటి పొద్దున ఒక ఇటుక తెచ్చి, తలుపును వెనక్కి నెట్టి, దానికి అడ్డం పెట్టాను. కుర్చీ పక్కకు జరిపాను. ఎండ లోపలికి వచ్చింది, దాని వెంట వీధి చప్పుళ్లు, ఎవరో గడ్డి కోసే మిషను. కొంతసేపటికి ఒక ఈగ వచ్చింది. పూత మీద వాలి, కాళ్లు తుడుచుకుని, ఒక పువ్వు మీది నుంచి ఇంకో పువ్వు మీదికి నడిచింది. తర్వాత ఇంకొకటి. ఒకటి దారి తప్పి నా చేతి మీద వాలింది. దాన్ని తోలలేదు. దాని పని అయ్యాక అదే లేచి చెట్టు మీదికి వెళ్లింది.